అప్‌డేట్: మా ఫెర్రెట్లకు సొరంగాలు తయారయ్యాయి

మా రెండు ఫెర్రెట్లకు (ముంగిసలా సన్నగా, పొడవుగా ఉండే పెంపుడు జంతువులు) తక్కువ ఖర్చులో సొరంగాలు, బొమ్మలు ఇంట్లోనే ఎలా చేయాలని పోయిన నెల అడిగాను కదా. చేసేశాను!

అన్నిటికన్నా బాగా పనికొచ్చింది పాత జీన్స్ ప్యాంటు. రెండు కాళ్లూ కత్తిరించి, ఒకదాని చివర ఇంకొకటి కలిపి కుట్టాను. చిన్నది లోపల దూరితే గుడ్డ కింద ఒక ఉబ్బు అటూ ఇటూ పరిగెడుతుంది, పెద్దది పైనుంచి దాని మీదకు దూకుతుంది. ఎంతసేపు చూసినా తనివి తీరదు. 4 అంగుళాల ప్లాస్టిక్ పైపు ముక్క కూడా పెట్టాను. అంతకన్నా సన్నదైతే ఇరుక్కుంటాయేమోనని టెన్షన్. కోసిన అంచుల్ని ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాను.

ఒక్కసారి మాత్రం చాలా భయపడ్డాను. మెత్తటి రబ్బరు బంతి ఇస్తే పెద్దది నిమిషాల్లో ముక్క కొరికేసింది. వెంటనే నోట్లోంచి లాగేశాను. రబ్బరు, స్పాంజి మింగితే పేగుల్లో అడ్డం పడి ఆపరేషన్ దాకా పోతుంది, ప్రాణాలకే ప్రమాదం. దయచేసి ఇవ్వకండి. ఇప్పుడు పింగ్‌పాంగ్ బంతులే ఇస్తున్నాను, అవి కూడా నేను పక్కనుంటేనే.

తవ్వుకోవడానికి అట్టపెట్టె నిండా చింపిన కాగితాలు వేశాను. ప్రస్తుతం రెండూ జీన్స్ కాలులో ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి.