‘మైన్ వేనెన్’: ఒక ఇంటి గోడమీది మాటకు తెలుగు

ప్రశ్న

సభ్యులకు నమస్కారం. ఒపేరా అనగానే గుర్తొచ్చే జర్మనీ పట్టణం బైరాయిట్ మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. సంగీతకర్త రిచర్డ్ వాగ్నర్ 1874లో కాపురానికి వచ్చిన ఇల్లు అక్కడ ఉంది. ఇంటి ముందుగోడ మీద మూడు పలకల్లో ఒకే వాక్యం ఉంటుంది: “హియర్ వో మైన్ వేనెన్ ఫ్రీడెన్ ఫాండ్ – వాన్‌ఫ్రీడ్ – జై డీజెస్ హౌస్ ఫొన్ మియర్ బెనాన్ట్.” నా వేనెన్‌కు ఇక్కడ శాంతి దొరికింది కనుక ఈ ఇంటికి వాన్‌ఫ్రీడ్ అని పేరు పెడుతున్నాను అని తాత్పర్యం. ఫ్రీడెన్ అంటే శాంతి, అందులో చిక్కు లేదు. వేనెన్ దగ్గర ఆగిపోయాను. భ్రమ, భ్రాంతి, మిథ్యాభావన, ఉన్మాదం అని రకరకాల అర్థాలు కనిపిస్తున్నాయి. “నా భ్రమలకు శాంతి” అంటే గ్రహశాంతి చేయించినట్టుంది. “నా ఉన్మాదం తగ్గిన ఇల్లు” అంటే చికిత్సాలయం అనుకుంటారు. పెద్దలు దారి చూపగలరు.

జవాబు

అమ్మా, ఆగవలసిన చోటే ఆగారు. ముందు ఉన్మాదాన్ని తీసి పక్కన పెట్టండి. ఇప్పటి జర్మన్‌లో ‘వాన్’ అనే రూపంలో రెండు పాత మాటలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి ఆశ, ఊహ, ఎదురుచూపు అని అర్థమిచ్చే నామవాచకం. కోరుకోవడం అనే అర్థంలో సంస్కృతంలో ఉన్న ‘వన్’ ధాతువుకు ఇది చుట్టం. రెండోది ‘తక్కువైన, లోపించిన’ అనే విశేషణం. పిచ్చి అని అర్థమిచ్చే ‘వాన్‌జిన్’ అనే మాటలో ఉన్నది ఇదే. దీని సంస్కృత చుట్టం మనం వాడుతూనే ఉన్న ‘ఊనం’, అంటే న్యూనతలో కనిపించే ఊనం. వాగ్నర్ గోడమీది వేనెన్ మొదటి మాట నుంచి వచ్చిన క్రియ. బుద్ధి లోపించడం దాని మూలార్థం కాదు. ఆశపడి ఊహించుకోవడం, ఆ తర్వాతి కాలంలో లేనిదాన్ని ఉన్నదని నమ్మడం.

ఈ మాట వాగ్నర్‌కు ఎంత బరువైనదో తెలియాలంటే, 1868లో మ్యూనిక్‌లో తొలిసారి ప్రదర్శించిన ఆయన ఒపేరా ‘మైస్టర్‌జింగర్’ మూడో అంకం చూడాలి. ముందు రాత్రి ఒక చిన్న కారణానికి నూరెంబర్గ్ వీధంతా కొట్టుకుంది. తెల్లవారాక చెప్పులు కుట్టే కవి హాన్స్ జాక్స్ ఒంటరిగా కూర్చుని “వాన్! వాన్! ఎక్కడ చూసినా వాన్!” అని పాడతాడు. కాసేపటికి ఆ పాట మలుపు తిరుగుతుంది. అది లేకుండా లోకంలో ఏదీ జరగదు, కాబట్టి దాన్నే నేర్పుగా ఒక మంచి పనివైపు నడిపిస్తాను అంటాడు. మనుషుల చేత తలలు పగలగొట్టించేదీ, పాట కట్టించేదీ ఒకటే అన్నమాట. ‘మిథ్యాభావన’ అని రాస్తే ఇందులో సగం పోతుంది.

నా ఓటు ‘భ్రాంతి’కి. దాని ధాతువు ‘భ్రమ్’, తిరగడం. భ్రమ, భ్రమణం, పరిభ్రమణం అన్నీ అందులోనివే. వాగ్నర్ జీవితం చూడండి: 1839లో అప్పులవాళ్లకు దొరకకుండా రీగా నుంచి పారిపోయాడు. 1849లో డ్రెస్డెన్ తిరుగుబాటులో పాల్గొని, వారంటు వెలువడగా స్విట్జర్లాండు చేరాడు. 1864లో మళ్లీ అప్పులే వియన్నా నుంచి తరిమాయి. బవేరియా రాజు రెండో లూడ్విగ్ ఇచ్చిన డబ్బుతో ఈ ఇల్లు లేచేనాటికి ఆయనకు అరవై దాటాయి. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఆ పలకల పైనే ఉంది. ద్వారం పైభాగాన గోడమీద గీసిన బొమ్మ జర్మన్ పురాణాల్లోని వోటాన్ దేవుడిది, అదీ దేశదిమ్మరి వేషంలో. ఊహ, మోహం, తిరుగుడు మూడూ ఒకే మాటలో పట్టే వీలు జర్మన్‌కు లేదు, తెలుగుకు ఉంది. వాడుకోకపోతే ఎలా?

ఇంకో సభ్యుడు

మాస్టారూ, ‘మాయ’ ఎందుకు కాకూడదు? వాగ్నర్ 1854లో జర్మన్ తత్త్వవేత్త షోపెన్‌హవర్‌ను చదివి ఆయన భక్తుడైపోయాడు. షోపెన్‌హవర్ ‘మాయ తెర’ అని మన మాటనే జర్మన్‌లో రాశాడు. ఆయన చదివిన ఉపనిషత్తులు దారా షికో పారశీకంలోకి చేయించినవి, ఆంకెటిల్ దుపెరోన్ లాటిన్‌లోకి మార్చినవి. వాగ్నర్ 1856లో బుద్ధుడి శిష్యుడు ఆనందుడు, చండాల కన్య ప్రకృతి కథతో ‘విజేతలు’ అనే బౌద్ధ ఒపేరాకు ప్రణాళిక కూడా రాసుకున్నాడు. అది పూర్తి కాలేదు గానీ, జన్మజన్మల పాపం మోసే స్త్రీగా ఆ కన్య ఛాయ ఆయన చివరి ఒపేరా ‘పార్సిఫాల్’లోని కుండ్రీ అనే పాత్రలో కనిపిస్తుంది. ఇంత బాంధవ్యం ఉన్నప్పుడు మాయ అంటే అక్కడి నుంచి వచ్చిన మాటను ఇంటికి తెచ్చుకున్నట్టే కదా.

మాస్టారి జవాబు

బాంధవ్యం నిజమే, నాయనా. అడ్డం వస్తున్నది ‘మైన్’, అంటే ‘నా’. తెలుగులో ‘నా మాయ’ అంటే నేను ఇతరుల మీద పన్నేది. గీతలో “మమ మాయా దురత్యయా” అన్నది కృష్ణుడు. అలా అనే అధికారం ఆయనకు ఉంది. మాయ లోపల చిక్కినవాడు ‘నా మాయ’ అనలేడు. ‘నా భ్రాంతి’ మాత్రం ఎవరైనా అనవచ్చు. తాడును చూసి పాము అనుకున్నవాడిది రజ్జుసర్పభ్రాంతి, అది అచ్చంగా వాడిదే. గోడమీద రాయించినవాడు తప్పు లోకం మీదకు నెట్టలేదు, నాది అన్నాడు. ఆ ఒప్పుకోలు అనువాదంలో ఉండాలి. దేవీ మాహాత్మ్యం అయిదో అధ్యాయం పారాయణ చేసేవారికి ఇంకో సంగతి తడుతుంది: “యా దేవీ సర్వభూతేషు” శ్లోకాల వరుసలో “శాంతిరూపేణ సంస్థితా” ఉంది, “భ్రాంతిరూపేణ సంస్థితా” కూడా ఉంది. మన చెవికి ఈ జత కొత్త కాదు.

ఇంకో సభ్యురాలు

మాట సంగతి బాగుంది. వ్యాసం గురించి ఒక విన్నపం: ఆ ఊరిని ఒక్క వాగ్నర్‌తో ముడిపెట్టకండి. ఆయన కంటే శతాబ్దం ముందే అక్కడ ఒపేరా ఉంది. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ అక్క విల్‌హెల్మినా 1731లో ఆ సంస్థానానికి కోడలైంది. తాను స్వరకర్త, 1740లో ‘ఆర్జెనోరే’ అనే ఒపేరా రాసింది. 1748లో కూతురి పెళ్లి వేడుకలకు తెరిచిన ఆమె నాటకశాల లోపలంతా చెక్కతో ఇటలీ రంగాలంకారులు గల్లీ బిబియేనా తండ్రీకొడుకులు చేసిన అలంకరణే. 2012లో అది యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. వాగ్నర్ 1871లో ఆ ఊరు వచ్చింది ఆ శాలలోని లోతైన వేదిక కోసం. ప్రేక్షకుల గది చాలలేదు. తన సొంత శాలకు 1872 మే 22న పునాది వేసినప్పుడు బీథోవెన్ తొమ్మిదో సింఫనీ వాయించింది మాత్రం ఆమె శాలలోనే. వాగ్నర్ శాల 1876 ఆగస్టు 13న తెరుచుకుంది. వాద్యబృందం వేదిక కింద గోతిలో కనబడకుండా కూర్చుంటుంది.

ఇక ‘శాంతి’ అన్న మాటను అంత నిశ్చింతగా రాయడం నాకు కష్టంగా ఉంది. 1850లో సంగీతంలో యూదుల మీద విషం కక్కుతూ వ్యాసం రాసిన మనిషి ఇల్లది. 1882లో ‘పార్సిఫాల్’ తొలి ప్రదర్శనను నడిపిన హెర్మన్ లెవీ ఒక రబ్బీ (యూదు మతగురువు) కొడుకు. ఆ తర్వాత తరంలో, కోడలు వినిఫ్రెడ్ హయాంలో, హిట్లర్ ఆ ఇంటికి ఆత్మీయ అతిథి. 1945 ఏప్రిల్‌లో బాంబులకు ఇల్లు సగం కూలింది. 1951లో వాగ్నర్ శాలలో ఒపేరా ఉత్సవాలు మళ్లీ మొదలైనప్పుడు ఆయన మనవలు రాజకీయ చర్చలు వద్దని విన్నవిస్తూ, ‘మైస్టర్‌జింగర్’లోని “ఇక్కడ కళకే చోటు” అన్న మాట తగిలించారు. అలా అనడంతో లెక్క తీరలేదు. 2012 నుంచి, వాగ్నర్ శాల ఉన్న కొండమీది తోటలో, నాజీలు తరిమేసిన, చంపిన కళాకారుల పేర్లతో స్మారక ఫలకాలు నిలబడి ఉన్నాయి. విల్‌హెల్మినా నాటకశాల పక్కనే యూదుల ప్రార్థనాలయం ఉంది. 1938లో దాన్ని కొల్లగొట్టారు కానీ, మంట నాటకశాలకు అంటుకుంటుందని నిప్పు పెట్టలేదు. ఇవి లేకుండా “శాంతి దొరికిన ఇల్లు” అని రాస్తే పాఠకులకు అన్యాయం చేసినట్టే.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

అందరికీ కృతజ్ఞతలు. అక్కయ్య చెప్పినవన్నీ వ్యాసంలో వస్తాయి, వాక్యం పక్కనే వస్తాయి. ‘శాంతి’ బదులు ‘విశ్రాంతి’ అంటే ఎలా ఉంటుంది? తిరిగి తిరిగి అలసినవాడు కూర్చున్నాడనే అర్థమే వస్తుంది, అంతకు మించిన పుణ్యం అంటగట్టినట్టు ఉండదు. జర్మన్‌లో ‘ఫాండ్–బెనాన్ట్’ అని చివర కలిసిన ప్రాస ఇక్కడ లోపలికి వస్తుంది:

“నా భ్రాంతికి విశ్రాంతి దొరికిన చోటు – వాన్‌ఫ్రీడ్ – అని ఈ ఇంటికి నేను పెట్టిన పేరు.”

మాస్టారి జవాబు

ఇదే ఉంచండి. ‘పెట్టిన’ కంటే ‘పెట్టుకున్న’ బాగుంటుంది, ఇల్లు తనది కదా. పేర్ల సంగతి కూడా చూసుకోండి: జర్మన్లు చివరి అక్షరాన్ని ‘ఫ్రీట్’ అనే పలుకుతారు, కానీ ‘ఫ్రీడెన్’తో చుట్టరికం కనబడాలంటే ‘డ్’ రాయడమే మేలు. ఊరి పేరు బైరాయిట్, ఊనిక ‘రా’ మీద. ‘రాయిట్’ అంటే అడవి కొట్టి సాగుకు తెచ్చిన నేల. 1194 నాటి పత్రంలోనే ఈ ఊరి ప్రస్తావన ఉంది. మొదటిసారి వచ్చినచోట ‘ఉత్తర బవేరియాలోని’ అని చేర్చండి, లేకపోతే సగంమంది లెబనాన్ రాజధాని బేరూత్ అనుకుంటారు.