సమస్య: గోలు లేనివాఁడె గొప్పవాఁడు

ముక్తేశ్వరం మాస్టారు:
గోదారికి ఎర్రనీరు వచ్చింది, పులస బేరాలు మొదలయ్యాయి. కాబట్టి ఈసారి సమస్య కలకత్తా నుంచి. అక్కడ ఫుట్‌బాల్‌లో ఈస్ట్ బెంగాల్ జట్టు గెలిస్తే అభిమానుల ఇళ్లలో పులస వండుతారు, ఎదుటి జట్టు మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు. మనకు ఏటిలో అదీ ఉంది, చెరువుల్లో ఇదీ ఉంది. ఎవరి పక్షమైనా పట్టవచ్చు.

1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్ పేరెత్తితే పాతతరం వాళ్లు పంచపాండవుల దగ్గర మొదలుపెడతారు. వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే. 1949 నుంచి వరసగా మూడేళ్లు ఐఎఫ్ఏ షీల్డ్ అనే ఫుట్‌బాల్ టోర్నీ గెలిచిన రోజులవి. ఐదుగురూ ముందువరసలో ఆడినవాళ్లే. మరి వెనక కాపుకాసినవాళ్లు? వాళ్ల మీద రాయండి. ఆటవెలదిలో నాలుగో పాదం ఇచ్చాను. ఆటగాడు ఈస్ట్ బెంగాల్ వాడై ఉండాలి.

రాజోలు వాసి:
నా పూరణ.

నాల్గు గోలు లిచ్చి నలిగిన యా చేతు
లెదురు జట్టుఁ జేరి యెదిగి నిలిచె
వలను గాచువాని వంతుకు లెక్కేది
గోలు లేనివాఁడె గొప్పవాఁడు

భాస్కర్ గంగూలీ గురించి. 1975 షీల్డ్ ఫైనల్లో మోహన్ బగాన్ గోల్‌కీపర్. ఈస్ట్ బెంగాల్ ఐదు సున్నాతో గెలిచిన ఆట అది. నాలుగు గోల్స్ పడ్డాక ఇతన్ని బయటికి పిలిచి ఇంకొకరిని దింపారు. కుర్రాడికి అక్కడితో ఆట అయిపోయిందనుకున్నారు. తర్వాత ఏ జట్టు చేతిలో నలిగాడో ఆ జట్టుకే కీపరయ్యాడు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత జట్టు కెప్టెన్ ఇతనే.

ముక్తేశ్వరం మాస్టారు:
కథ గొప్పది, పూరణ సాఫీగా ఉంది. రెండో పాదంలో స్వరయతి (‘ఎ’కి ‘ఎ’), ప్రాసయతి (‘దు’కి ‘ది’) రెండూ పడ్డాయి, చూసుకున్నావో లేదో. మూడో పాదంలో ‘వంతుకు లెక్కేది’ అనగానే సమస్య విడిపోయింది. చేతులు నలగడం నాకు నచ్చింది. కీపర్‌కి దెబ్బ తగిలేది అక్కడే.

యానాం కుర్రాడు:
మాస్టారూ, నేను కొత్త. తిట్టకండి.

పులస గెలిచెనంట రొయ్య ఏడ్చిందంట
ఐదు గోళ్ళతోటి ఆట ముగిసె
పిలిచి చెప్పు మామ పేరు తెలియనోణ్ణి
గోలు లేనివాఁడె గొప్పవాఁడు

ముక్తేశ్వరం మాస్టారు:
తిట్టను. గణాలన్నీ సరిపోయాయి, అదే ఆశ్చర్యం. మొదటి పాదంలో ‘పు’కి ‘రొ’ యతి కుదరదు. ‘పులస గెలిచెనంట పొగిలెను రొయ్యలు’ అను, చక్కగా పడుతుంది. రెండో పాదంలో యతి బాగుంది గానీ గోళ్ళతో ఆడితే అది రక్కుడాట అవుతుంది బాబూ. ‘ఐదు గోలులందె యాట ముగిసె’ అని మార్చు. మూడో పాదం జోలికి వెళ్లకు. ‘మామ’ తీసేసి గ్రాంథికం చేస్తే పద్యం చచ్చిపోతుంది.

అసలు లోపం ఛందస్సులో లేదు. పేరు తెలియనివాడు ఎవడు? పద్యంలో నువ్వూ చెప్పలేదు.

యానాం కుర్రాడు:
గోల్ కొట్టినవాళ్ల పేర్లయితే తెలుసండి. సురజిత్ సేన్‌గుప్తా, శ్యామ్ థాపా రెండు, రంజిత్ ముఖర్జీ, శుభంకర్ సన్యాల్. వెనక ఆడినవాళ్ల పేర్లు నాకు రావు. అందుకే అలా రాశాను.

రాజోలు వాసి:
ఇంకేం, పద్యం దానంతటదే నిజమైంది.

అంతర్వేది అక్క:
నేను బలరామ్‌ని తెచ్చాను.

రోము నేలమీద రొమ్ము విరిచి యాడె
లష్కరింటి బిడ్డ లక్షణముగ
పద్మ మీయరైరి; పైవారి లెక్కలో
గోలు లేనివాఁడె గొప్పవాఁడు

తులసీదాస్ బలరామ్, మన సికింద్రాబాద్ (లష్కర్) అబ్బాయి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి కొట్టాడు. 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్. 1962 జకార్తా ఆసియా క్రీడల బంగారు పతకం జట్టులోనూ ఉన్నాడు. ఆ వెంటనే క్షయ వచ్చి పాతికేళ్లు దాటీ దాటగానే ఆట మానాల్సి వచ్చింది. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరామ్ అని ముగ్గురినీ కలిపి చెప్పేవాళ్లు. ఆ ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది, ఇతనికి రాలేదు. 2023లో పోయాడు.

రాజోలు వాసి:
అక్కా, పద్యం ఎత్తుగడ అద్భుతం. కానీ ఒక పేచీ. చునీ, పీకే ఇద్దరూ గోల్స్ కొట్టినవాళ్లే కదా. అలాంటప్పుడు పైవాళ్ల లెక్కలో గోల్ లేనివాడు గొప్పని ఎలా అంటావు? వ్యంగ్యం వెళ్లి తగలకూడని వాళ్లకు తగులుతోంది.

అంతర్వేది అక్క:
నా కోపం వాళ్ల మీద కాదు తమ్ముడూ, పతకాలు పంచేవాళ్ల మీద. ఆటతో పనే లేకుండా పద్మాలు పట్టుకెళ్లినవాళ్లు ఎంతమంది లేరు!

ముక్తేశ్వరం మాస్టారు:
ఆ మాట పద్యంలోకి రాలేదమ్మా, వివరణలో ఉండిపోయింది. రాజోలు అన్నది నిజం. అయినా ‘రోము’కి ‘రొమ్ము’, ‘పద్మ’కి ‘పైవారి’ పడిన తీరు చూస్తే మనసొప్పక మార్కులు కోయలేకపోతున్నాను. గోల్స్ కొట్టినవాణ్ణి పట్టుకుని ఈ పాదాన్ని పూరించడం కష్టం, ఆ సాహసానికే సగం మార్కులు.

భీమవరం బావ:
విరుపు చూడండి.

కండ యొకటె యున్నఁ గడతేర దీ యాట
కాలితెలివి యున్నఁ గలుగు జయము
బలిమిఁ జూపి కుమ్ము పని లేదు, మాకు నొం
గోలు లేనివాఁడె గొప్పవాఁడు

అంతర్వేది అక్క:
ఒంగోలు గిత్తను తెచ్చి మైదానంలో కట్టేశావా బావా!

ముక్తేశ్వరం మాస్టారు:
అవధాని ముందు చదివితే చప్పట్లు పడతాయి. ‘యున్న’ వెంటవెంటనే రెండుసార్లు వచ్చింది. రెండో పాదం ‘కాలితెలివితోడఁ గలుగు జయము’ అంటే ఆ మచ్చ పోతుంది. ఇంతకీ ఇందులో ఈస్ట్ బెంగాల్ ఎక్కడ?

భీమవరం బావ:
అహ్మద్ ఖాన్‌ని తలుచుకుని రాశానండి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో బూట్లు లేకుండా ఆడినవాడు.

ముక్తేశ్వరం మాస్టారు:
పంచపాండవుల్లో ఒకణ్ణి పట్టుకొచ్చి మరుగునపడ్డవాడంటే ఒప్పుకోను. పైగా ఆయన పేరు గానీ గుర్తు గానీ పద్యంలో లేదు. చమత్కారానికి దండ, విషయానికి సున్న.

రాజోలు వాసి:
మాస్టారూ, అందరినీ దిద్దారు. మీది ఏదీ?

ముక్తేశ్వరం మాస్టారు:
ఇదిగో.

పాసు జట్టువారి పదునెల్ల మొద్దయ్యె
వెనుక నొక్కఁ డడ్డు వేసినంత
వరద నాపు గట్టు వార్తల కెక్కునే
గోలు లేనివాఁడె గొప్పవాఁడు

సుధీర్ కర్మాకర్. 1970 షీల్డ్ ఫైనల్, ఎదుట ఇరాన్ నుంచి వచ్చిన పాస్ టెహరాన్. చివర్లో సబ్‌స్టిట్యూట్‌గా దిగిన పరిమళ్ దే కొట్టిన ఒక్క గోల్‌తో ఈస్ట్ బెంగాల్ గెలిచింది. ఆ గోల్ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. అది పడేదాకా అవతలివాళ్లకు గోల్ ఇవ్వకుండా ఆపినవాళ్లలో ఇతనొకడు. ఆ ఏటి నుంచి 1975 దాకా వరసగా ఆరేళ్లు కలకత్తా లీగ్ ఈస్ట్ బెంగాల్‌దే.

అంతర్వేది అక్క:
మాస్టారూ, ఇప్పుడు మీ వంతు. మూడో పాదం ప్రశ్నగా వేశారు, జవాబు ‘ఎక్కదు’ అని రావాలి. కానీ 1986 వరదలో కోనసీమలో గట్లు తెగినప్పుడు పేపర్ల నిండా అవే కదా. తెగితే మొదటి పేజీకే ఎక్కుతుంది గట్టు.

రాజోలు వాసి:
డిఫెండర్ సంగతీ అంతేగా. తొంభై నిమిషాలు ఆపితే ఎవడూ చూడడు, ఒక్కసారి కాలు జారితే ఫోటో వేస్తారు.

ముక్తేశ్వరం మాస్టారు:
అందుకే ‘ఆపు గట్టు’ అన్నానమ్మా, తెగిన గట్టు అనలేదు. అయినా నీ ఆక్షేపణ నా పద్యం కన్నా బాగుంది. దాన్నే ఆటవెలదిలో పెట్టి పంపు, అప్పుడు చూద్దాం. యానాం బాబూ, నీ మూడో పాదం కింద సుధీర్ పేరు రాసిపెట్టుకో.

యానాం కుర్రాడు:
రాసుకున్నానండి. మా నాన్న రొయ్యల చెరువు చేస్తాడు, ఆ మొదటి పాదం మాత్రం ఇంట్లో చదవను.