నిజాం రెండు పైల బిళ్లలో పొట్టి ‘ఐన్’, నిండు ‘ఐన్’ ఎట్లా గుర్తుపట్టాలి?

అన్నా, మాది హన్మకొండ. పరకాలలో మా అమ్మమ్మ పాత సందుగలో, గుడ్డమూటలో, నిజాం కాలం నాటి రెండు పైల బిళ్లలు పదకొండు దొరికాయి. ఉర్దూ రాదు, అంకెలు మాత్రం కూర్చుని నేర్చుకున్నా. రెండింటి మీద హిజ్రీ 1330 అని ఉంది, అంటే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ తొలి రోజులవే. ఆయన పేరులో మొదటి అక్షరం ‘ఐన్’ తుగ్రాలో (అంటే బిళ్ల మీద మెలికలు తిప్పి రాసిన ముద్రలో) ముందు పొట్టిగా, తర్వాతి వాటిలో నిండుగా ఉంటుందట కదా, నా కంటికేమో ఆ మెలికలన్నీ ఒక్కలాగే కనిపిస్తున్నాయి. అసలు తుగ్రాలో ఏ మూల చూడాలి? ఒకదాన్ని చింతపండుతో తోమి పాడుచేశాను, తిట్టకండి, మిగతావి ముట్టలేదు. మీ దగ్గర రెండు రకాలూ ఉంటే పక్కపక్కన పెట్టి ఒక ఫొటో పెడతారా?