వారం రోజులు ఊరు మూసి సైకిల్ పందెం: కిగాలీ చేసిన పని మన గోదావరి జిల్లాలకు తగునా?

ధవళేశ్వరం గట్టు
సభ్యులకు నమస్కారం. 2025 సెప్టెంబరు 21 నుంచి 28 వరకు రువాండా రాజధాని కిగాలీలో ప్రపంచ రోడ్డు సైక్లింగ్ చాంపియన్‌షిప్ జరిగిన సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. 1921లో కోపెన్‌హాగన్‌లో అమెచ్యూర్ క్రీడాకారులతో మొదలైన ఈ పోటీ ఆఫ్రికాకు రావడం అదే మొదటిసారి. ఆ వారమంతా కిగాలీలో బడులకు సెలవులిచ్చారు, ప్రభుత్వోద్యోగులను వీలైనంతవరకు ఇంటి నుంచే పని చేయమన్నారు, పోటీ జరిగే రోడ్లను గంటల తరబడి మూసి ఉంచారు. చివరి రోజున పురుషుల పందెం 267.5 కిలోమీటర్లు సాగింది. బయలుదేరిన 165 మందిలో గమ్యం చేరినవారు 30 మందే. స్లొవేనియాకు చెందిన పొగాచర్ ఇంకా వంద కిలోమీటర్లకు పైగా దూరం ఉండగానే గుంపును వదిలి ముందుకు దూకి, చివరికి ఒంటరిగా వచ్చి గెలిచాడు.

అంత పెద్ద పోటీ రేపే రాజమహేంద్రవరానికి రావాలని నేను అనడం లేదు. దానికి నాలుగు మెట్లు కిందనున్న అంతర్జాతీయ పందెం ఒకటైనా మన డెల్టాలో జరగాలని కోరుకోవడం తప్పా? 2026 జనవరిలో పుణెవారు అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య (యూసీఐ) గుర్తింపుతో పుణె గ్రాండ్ టూర్ జరిపి చూపించారు. మనం ఎందుకు అడగకూడదో చెప్పండి.

లంకరైతు
గురువుగారూ, మీ టపాలో బడులకు సెలవులిచ్చారన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. మా లంకల పిల్లలకు ఏటా వరదల్లో ఎలాగూ బడి పోతుంది. ఏటిపాయ పొంగిన రోజున పడవ నడపడానికి సరంగు కూడా ఒప్పుకోడు. అది గోదావరి ఇచ్చే సెలవు, దాన్ని ఎవరూ ఆపలేరు. ఎవరో విదేశీయులు సైకిలు తొక్కుతారని ప్రభుత్వం మరో వారం సెలవిస్తే, పోయిన పాఠాలు ఎవరు చెబుతారు?

కాకినాడ రేవు
బడుల మాట తర్వాత, ముందు నేల సంగతి చూడండి. కిగాలీ సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన ఉన్న కొండల నగరం. ఆ పందెంలో మొత్తం మీద ఎక్కిన ఎత్తు దాదాపు 5,500 మీటర్లు. రాళ్లు పరిచిన ఎక్కుడు ఒకటి ప్రతి చుట్టులోనూ ఎదురవుతూ ఉండటం, దానికి తోడు ఎండ, పలచని గాలి, వీటివల్లనే 135 మంది మధ్యలో మానేశారు. మన డెల్టాలో ఎక్కడానికి ఏముంది? ఫ్లైఓవర్లు, వంతెనలు. ఎత్తు లేని చోట పందెం చివరి రెండు వందల మీటర్లలోనే తేలిపోతుంది, అంతదాకా చూసేవారికి విసుగు తప్ప మరేమీ మిగలదు.

ధవళేశ్వరం గట్టు
కాకినాడ మిత్రులకు: 2016లో ఇదే ప్రపంచ పోటీ దోహాలో జరిగింది. అక్కడ కొండ కాదు కదా గుట్ట కూడా లేదు. అయినా నగరం దాటి ఎడారిలోకి వెళ్లగానే పక్కగాలి గుంపును ముక్కలు చేసింది. పక్కగాలి వీచినప్పుడు సైక్లిస్టులు ఒకరి చాటున ఒకరు ఏటవాలు వరుసగా సర్దుకుంటారు. రోడ్డు వెడల్పు ఎంతమందికి సరిపోతే అంతమందికే ఆ చాటు దొరుకుతుంది, మిగిలినవారు అంచున గాలికి చిక్కి వెనకబడతారు. ముందు ముక్కలో నిలిచినవారి మధ్యే పందెం నడిచింది, వారిలోంచి స్లొవాకియా సగాన్ గెలిచాడు. కాబట్టి చదునైన నేల మీద పందెం ఉండదన్నది సరికాదు.

లంకరైతు గారికి: కిగాలీ ఈ పనిని ఒక్క రోజులో చేయలేదు. ఆ నగరంలో నెలకు రెండు ఆదివారాలు కొన్ని ప్రధాన రోడ్ల మీద మోటారు వాహనాలను ఆపుతారు, జనం నడుస్తారు, సైకిళ్లు తొక్కుతారు. టూర్ ఆఫ్ రువాండా పందెం 2009 నుంచి అంతర్జాతీయ క్యాలెండరులో ఉంది. రోడ్డు కొన్ని గంటలు మూసి ఉండటం వారికి అలవాటైన విషయం, శిక్ష కాదు.

రావులపాలెం
పక్కగాలి మాట బాగుంది గానీ, కాలవ గట్టుకు రెండు వైపులా కొబ్బరిచెట్లే కదండీ. ఆ గాలి గట్టు మీదికి వచ్చేదెలా?

యానాం నుంచి
దారి యానాం మీదుగా వేస్తే రెండు ప్రభుత్వాల అనుమతులు కావాలి. అక్కడే సగం పందెం ఆగిపోతుంది.

లంకరైతు
బడుల గురించి నేను అడిగినదానికి జవాబు రాలేదు. అలవాటు అని ఒక్క మాటతో దాటేశారు.

రోడ్డు మూయడం అంటే ఏమిటో నా అనుభవం చెబుతాను. ఒక సార్వా కోతల కాలంలో మిల్లుకు ధాన్యం లారీ పంపాను. ఎవరో పెద్దవారు వస్తున్నారని మధ్యాహ్నం నుంచి మెయిన్ రోడ్డు మీద లారీలను ఆపేశారు. లారీ మీద పట్టా ఒక మూల చిరిగి ఉంది, సాయంత్రం వాన పడింది. పోలీసు ఇటు తిప్పుకోమంటాడు, అటు వెళితే రోడ్డు సన్నగా ఉండి లారీ తిరగదు. మర్నాడు మిల్లు దగ్గర తేమ మీటరు పెట్టారు. 17 శాతం దాటితే మద్దతు ధరకు కొనరని మీకు తెలుసు. ఆ మూలనున్న బస్తాలన్నీ పక్కకు నెట్టి, మిగిలినవి కూడా తరుగు తీసి తీసుకున్నారు. వచ్చిన పెద్దమనిషి ఆ రోడ్డు మీదుగా రెండు నిమిషాల్లో వెళ్లిపోయాడు. వారం రోజుల మూసివేత అనగానే నాకు గుర్తొచ్చేది ఆ లారీయే.

ధవళేశ్వరం గట్టు
మీకు జరిగిన నష్టానికి బాధపడుతున్నాను. అయితే కాన్వాయి వేరు, పందెం వేరు. పందెం తేదీలు ఏళ్ల ముందే తెలుస్తాయి, మూసే గంటలు ముందే ప్రకటిస్తారు. కోతలు లేని నెల చూసుకుని పెట్టుకోవచ్చు.

లంకరైతు
మా దగ్గర సార్వా, దాళ్వా, మధ్యలో అపరాలు, తోటల్లో అరటి, కొబ్బరి. కోత లేని నెల ఏదో తమరే చెప్పండి.

కోనసీమ కోడలు
పెద్దలిద్దరూ లారీ దగ్గర, బడి దగ్గర ఆగిపోయారు. నేను భద్రత మాట అడుగుతాను. 2024లో జూరిక్‌లో జరిగిన ఇదే పోటీలో 18 ఏళ్ల స్విస్ క్రీడాకారిణి మ్యూరియల్ ఫ్యూరర్ వానలో, అడవి పక్క దారిలో పడిపోయి, తలకు తగిలిన గాయంతో మరుసటి రోజు చనిపోయింది. ఆమె పడిపోయిన సంగతి ఎవరూ వెంటనే గమనించలేదన్నదే అందరినీ కలచివేసింది. తర్వాత కిగాలీలో ప్రతి సైకిలుకూ జీపీఎస్ పరికరం పెట్టారు. అన్ని ఏర్పాట్లున్న స్విట్జర్లాండులోనే అలా జరిగితే, ఒక పక్క కాలవ, మరో పక్క చేను ఉన్న మన గట్టు మీద, రెయిలింగు లేని చోట, నూట అరవై మంది ఒకరినొకరు రాసుకుంటూ వెళితే ఎంతమంది నీళ్లలో పడతారు? వారి వెనక జట్ల కార్లు, అంబులెన్సులు, మోటారు సైకిళ్లు కూడా రావాలి. ఎదురుగా ఆటో వస్తే దిగి పక్కకు నిలబడే రోడ్లు మనవి.

అసలు మాట ఒకటుంది. ఆ గట్టు మీదే రోజూ హైస్కూలు ఆడపిల్లలు సైకిళ్ల మీద వెళ్తున్నారు. రావులపాలెం మార్కెట్టుకు కేరియర్ నిండా అరటి గెలలు కట్టుకుని, ముందు చక్రం పైకి లేవకుండా హ్యాండిల్ మీద బరువు వేసి నడిపించుకు వెళ్లేవారినీ చూస్తున్నాను. వారి కోసం రెయిలింగు వేయాలని ఈ చర్చలో ఒక్కరూ అనలేదు.

ధవళేశ్వరం గట్టు
అమ్మా, నేను చెప్పేదీ అదే. పందెం వస్తే రెయిలింగు పడుతుంది, రోడ్డు వెడల్పు అవుతుంది. లంకరైతు గారు మాత్రం ప్రతిదానికీ తడిసిన ధాన్యమే అడ్డం పెడుతున్నారు. ఇలా అయితే ఈ జిల్లాలో పెళ్లి ఊరేగింపు కూడా జరగకూడదు.

లంకరైతు
పింఛను తీసుకుంటూ పొద్దున్నే గట్టు మీద ఖరీదైన సైకిలు తొక్కేవారికి ధాన్యం అడ్డంగానే కనిపిస్తుంది. మా ఇళ్లలో సైకిలు సరదా కాదు.

నిర్వాహకుడు
వ్యక్తిగత వ్యాఖ్యలు మానవలసిందిగా ఇద్దరినీ కోరుతున్నాను. చర్చ పోటీ గురించి.

కాకినాడ రేవు
అతిథులు వచ్చి వెళ్లాక ఊరికి ఏం మిగులుతుందో కూడా ఒకటి చెబుతాను. 2019లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో ఈ పోటీ జరిగినప్పుడు హారొగేట్ పట్టణంలో స్ట్రే అనే పెద్ద పచ్చిక మైదానంలో అభిమానుల కోసం ఏర్పాట్లు చేశారు. వానలు పడి అదంతా బురదగుంట అయింది, ఊరివారు చాలాకాలం కోపంగా ఉన్నారు. పోటీ వెళ్లిపోతుంది, బురద ఊరికే మిగులుతుంది. కిగాలీ విషయంలోనూ, తూర్పు కాంగోలో రువాండా తన తీరు మార్చుకోకపోతే అక్కడ పోటీని రద్దు చేయాలని 2025 ఫిబ్రవరిలో యూరోపియన్ పార్లమెంటు తీర్మానం చేసింది. పోటీ వల్ల ఊరికి రోడ్డు వచ్చిందా, ప్రభుత్వానికి పేరు వచ్చిందా అన్నది కూడా ఆలోచించవలసిన విషయం.

ధవళేశ్వరం గట్టు
పింఛను మాట వచ్చింది కాబట్టి మనసులో ఉన్నది చెబుతాను. మా వీధి నుంచి గట్టు ఎక్కే దారి గోతులమయంగా ఉంటే ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచి అర్జీలు పెడుతూనే ఉన్నాను. తీసుకున్నారు, రశీదు ఇచ్చారు, ఎవరూ రాలేదు. 2015 పుష్కరాల ముందు మాత్రం రాత్రికి రాత్రి తారు పడింది, దీపాలు వెలిగాయి. అప్పటి నుంచి నాకు అర్థమైనది ఒక్కటే. ఈ దేశంలో ఊరివాడు అడిగితే రోడ్డు పడదు, బయటివాడు వస్తేనే పడుతుంది. నాకు పందెం మీద మోజు ఉన్నమాట నిజమే, కానీ దానికంటే ఎక్కువగా నాకు బయటివాడు కావాలి. 2027లో పుష్కరాలు మళ్లీ వస్తున్నాయి, తర్వాత పన్నెండేళ్లు ఎవరి కోసం వేస్తారు?

లంకరైతు
ఇప్పుడు విషయం బయటికి వచ్చింది. రోడ్డు మనకు హక్కుగా రాదని మీరు ఒప్పేసుకున్నారు. నేను ఒప్పుకోను. మన తేడా ఇక్కడే ఉంది, బడి దగ్గరా కాదు, లారీ దగ్గరా కాదు. పుష్కరాలకు తారు పడింది ఘాట్లకు వెళ్లే దారుల మీద. అదే పుష్కరాల మొదటి రోజున రాజమహేంద్రవరంలో తొక్కిసలాటలో 27 మంది ప్రాణాలు పోయాయి కూడా. అతిథి కోసం వేసిన రోడ్డు అతిథి నడిచే చోటే ఆగిపోతుంది. ఆ దారిలో లేని ఊరివాడు ఇక అర్జీ పెట్టుకున్నా, మొన్ననే కోట్లు ఖర్చుపెట్టాం కదా అంటారు.

కోనసీమ కోడలు
నేను లంకరైతు గారి పక్షం. అయితే మాష్టారి అర్జీల కథ మా ఇంట్లోనూ ఉంది కాబట్టి ఆయన విసుగును తప్పు పట్టలేను.

ధవళేశ్వరం గట్టు
హక్కు అనే మాట నాకూ ఇష్టమే, కానీ ఆ మాటతో నా జీవితంలో ఒక గొయ్యి కూడా పూడలేదు. సరే, ఒక మధ్యేమార్గం. ఒకే నగరంలో వారమంతా చుట్టూ తిరిగే పందెం కాకుండా, పుణెలో చేసినట్టు రోజుకొక దారిలో పెడదాం. సైక్లిస్టులు వస్తున్నప్పుడు మూసి, వెళ్లగానే తెరుస్తారు. ఒక్కో ఊరికి కొన్ని గంటల ఇబ్బంది, బడికి ఒక పూట. మొదటి రోజు రాజమహేంద్రవరం, రావులపాలెం, తర్వాత అమలాపురం, మరుసటి రోజు భీమవరం, పాలకొల్లు, నరసాపురం. ప్రతి చోటా రోడ్డు బాగుపడుతుంది.

లంకరైతు
ఆ దారుల్లో మా రేవు ఎక్కడైనా ఉందా?

ధవళేశ్వరం గట్టు
మీ రేవులో పంటు మీద దాటాలి కదండీ. నూట అరవై సైకిళ్లను పంటు ఎక్కించి, అవతలి గట్టు చేరేదాకా పందెం ఆపడం కుదరదు. వంతెన లేని చోటికి ఏ నిర్వాహకుడూ దారి వేయడు.

లంకరైతు
వంతెన లేనందుకు పందెం రాదు, పందెం రానందుకు వంతెన రాదు. మీ లెక్క ప్రకారం మేము ఎవరిని పిలవాలో ఇక మీరే రాయండి.

రావులపాలెం
అవును మాష్టారూ, దీనికి జవాబు చెప్పాలి. పక్కగాలి సంగతి కూడా.

ధవళేశ్వరం గట్టు
జవాబు రేపు రాస్తాను. గాలి మాటకు ఇప్పుడే చెబుతున్నాను: గట్టు మీద చెట్లున్నాయి గానీ, ఆనకట్ట మీద, వంతెనల మీద లేవు.