ఆఫ్రికాకు మొదటిసారి: రైళ్లు, బస్సుల మీద నాలుగైదు దేశాలు తిరగాలని ఉన్నది, జర దారి చెప్పుండ్రి

కాజీపేట_లోకో:

అందరికి నమస్తే. మాది కాజీపేట, ఫాతిమానగర్. లోకో పైలట్‌గ రిటైరయిన. కొలువంత బల్లార్షా, విజయవాడ, సికింద్రాబాద్ లైన్ల మీదనే గడిచింది. నాకు 61, మా ఇంటామెకు 57. ఇద్దరం ఇప్పటిదాక దేశం దాటింది లేదు. పాస్‌పోర్టులు చేతికి వచ్చినయి.

ఆఫ్రికానే ఎందుకంటే, అక్కడ ఒక లైను చూడాలె నేను. మొంబాసా సముద్రం కాడికెళ్లి విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న కిసుము దాక ఇంగ్లీషోళ్లు 1896ల మొదలుపెట్టి 1901 కల్లా మీటర్ గేజ్ లైను ఏయించిండ్రు. చెమటోడ్చింది మాత్రం మనోళ్లు. పంజాబు దిక్కుకెళ్లి, ఇంకా వేరే తావులకెళ్లి దాదాపు 32 వేల మందిని ఓడలల్ల తీస్కపోయిండ్రు. అందుల రెండున్నర వేల మంది దాక అక్కడనే పానాలు ఇడిసిండ్రు. జరాలు, ప్రమాదాలు సరే, 1898ల సావో నది మీద వంతెన కడుతుంటే రెండు సింహాలు రాత్రిళ్లు డేరాలల్ల పండుకున్న కూలీలను గుంజుకపోయినయి. ఇప్పుడు అంత పెద్ద పట్నమైన నైరోబి 1899ల ఆ లైను కోసం పెట్టిన డిపోనే. జమ్మికుంట, పెద్దపల్లి నడుమ ఎండకాలం గ్యాంగ్‌మన్లు పట్టాలు ఎత్తుడు రోజూ క్యాబ్‌లకెళ్లి చూసినోణ్ని నేను. అసొంటి పని ఇంటికి అంత దూరంల, మల్ల వస్తమో రామో తెల్వకుండ చేసినోళ్ల లైను ఒక్కసారన్న చూడాలె. వాళ్ల గురించి మన దిక్కు ఎవ్వరు మాట్లాడరు.

కాయితం మీద ఇప్పుడు ఏడు దేశాలు రాసుకున్న: ఇథియోపియా, కెన్యా, ఉగాండా, రువాండా, టాంజానియా, జాంబియా, దక్షిణాఫ్రికా. జూన్‌ల బయలెల్లి బతుకమ్మ లోపల ఇంట్ల ఉండాలె, అది మా ఇంటామె షరతు. మా కొడుకు ప్యాకేజీ తీస్కో నాయినా అంటుండు. ప్యాకేజీల జీపు, హోటలే ఉంటయి గాని రైలు ఉండది.

అడిగేది ఇది: ఏ దేశం ముందు, ఏ దేశం ఎనుక? వీసాలు ఎన్ని? ఈ వయసుల సూదులు ఏం తీస్కోవాలె? రాత్రి బస్సులు నమ్మొచ్చా? తెలిసినోళ్లు దాచుకోకుండ చెప్పుండ్రి.

హన్మకొండ_సిస్టర్:

అన్నా, నేను నర్సుగా పనిచేసిన. దేశాల లెక్క వేరేవాళ్లు చెప్తరు. నేను సూదుల సంగతే చెప్త, ఎందుకంటే మీ టికెట్ కంటే ముందు తేలాల్సింది అదే.

ఎల్లో ఫీవర్ టీకా. ఉగాండాలో దిగాలంటే ఆ సర్టిఫికెట్ తప్పనిసరి. అంతకంటే ముఖ్యం, మీరు కెన్యా, ఉగాండా తిరిగి సర్టిఫికెట్ లేకుండా మన దేశంలో దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతరు. మన దగ్గర ఆ జబ్బు మోసే దోమ ఉంది గాని జబ్బు లేదు, రానివ్వొద్దని అంత గట్టిగా చూస్తరు. టీకా వేసుకున్న పది రోజుల తర్వాత నుంచే సర్టిఫికెట్ చెల్లుతది. ఒక్క డోసు చాలు, 2016 నుంచి అది జీవితాంతం చెల్లుబాటు. ప్రతి ఆస్పత్రిలో వెయ్యరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తరు. మనకు దగ్గర హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్. పాస్‌పోర్ట్ తీసుకొని పోవాలె, ముందే ఫోన్ చేసి ఏ రోజు వేస్తరో కనుక్కోవాలె.

ఇగ మీ వయసు సంగతి. ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా. అరవై దాటినోళ్లకు మొదటిసారి వేస్తే తీవ్రమైన రియాక్షన్ వచ్చే అవకాశం పడుచోళ్ల కంటే కొంచెం ఎక్కువ. వెయ్యొద్దని కాదు, మీ డాక్టర్ మీ ఒంటిని చూసి సరే అన్నంక వేసుకోవాలె. వదిన విషయంలో ఒకటి అడుగుత: కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ లాంటి మాత్రలు గాని, స్టెరాయిడ్లు గాని వాడుతున్నరా? గుడ్డు తింటే ఒంటికి పడకపోవుడు ఉందా? ఉంటే డాక్టర్‌కు అదే మొదట చెప్పాలె. టీకా పనికిరాదని డాక్టర్ అంటే ఉగాండాను వదిలేయండి గాని దొంగ సర్టిఫికెట్ జోలికి మాత్రం పోకండి. కొందరు ఏజెంట్లు ఇస్తమంటరు. అది మీ పానంతో ఆట.

రెండోది మలేరియా. దానికి మాత్రలే. డాక్సీసైక్లిన్ రాస్తే బయలుదేరే ముందు మొదలుపెట్టి, వాపస్ వచ్చినంక కూడా నాలుగు వారాలు మింగాలె. మధ్యలో ఆపేది అక్కడే, ఇంటికొచ్చినం గదా అని. వచ్చిన కొన్ని నెలల దాకా జరం వస్తే ఆఫ్రికా పోయొచ్చినమని డాక్టర్‌కు తప్పక చెప్పాలె.

కంపాలా_కరీంనగరం:

కాకా, మాది మానకొండూరు. కంపాలాల ఒక మందుల కంపెనీల అకౌంట్స్ చూస్త. మీరు రాసింది సదివి మస్తు సంతోషమైంది. ఇక్కడి మనోళ్లే ఆ లైను సంగతి సగం మరిచిండ్రు.

మొదలు కాయితం మీదికెళ్లి ఇథియోపియా, జాంబియా, దక్షిణాఫ్రికా కొట్టేయుండ్రి. దక్షిణాఫ్రికా పటంల కింద కనిపిస్తది గాని, నైరోబి నుంచి జొహానెస్‌బర్గ్‌కు విమానంలనే నాలుగు గంటలు. నాలుగు దేశాలు నిమ్మలంగ చూస్తే సాలు, రెండు నెలలు ఇట్టె అయిపోతయి.

వరుస మీ ఇష్టం కాదు, వీసానే చెప్తది. కెన్యా, ఉగాండా, రువాండా మూడింటికి కలిపి ఈస్ట్ ఆఫ్రికా టూరిస్ట్ వీసా ఉంటది. 100 డాలర్లు, 90 రోజులు. ఈ మూడింట్ల ఎన్నిసార్లయినా అటీటు తిరగొచ్చు. ఏ దేశంల మొదలు దిగుతరో ఆ దేశానికే దరఖాస్తు పెట్టుకోవాలె. టాంజానియా ఇందుల లేదు. ఈ మూడు దేశాలు దాటి బయట కాలు పెడితే ఆ వీసా ముగిసినట్టే. అందుకే నడుమల టాంజానియా పోయి మల్ల కెన్యాకు వద్దామంటే కుదరది. కెన్యా, ఉగాండా, రువాండా, ఆఖరుకు టాంజానియా. దాని వీసా వేరేగ ఆన్‌లైన్‌ల తీస్కోవాలె. విమానం టికెట్ గూడ నైరోబికి పోవుడు, దారెస్సలాం నుంచి వచ్చుడు అన్నట్టు కొనుండ్రి. ఎనుకకు తిరుగుడు తప్పుతది.

జూన్ మంచిగనే ఎంచుకున్నరు. మార్చి నుంచి మే దాక ఇక్కడ పెద్ద వానలు, జూన్ నుంచి ఆగిపోతయి. ఒక మెలిక ఉన్నది. మసాయి మారా పార్కుల విదేశీయులకు మనిషికి రోజుకు 100 డాలర్లు, అదే జులై 1 నుంచి 200. గుంపులు గుంపులుగ జంతువులు నది దాటేది గూడ జులై ఎనుకనే. ఆ గుంపులే చూడాలంటే 200 కట్టుండ్రి. మీ మనసు రైలు మీద ఉంటే మారా ఇడిసి సావో పోవుడే మేలు. నైరోబి నుంచి మొంబాసాకు 2017ల చైనావాళ్లు ఏసిన స్టాండర్డ్ గేజ్ బండి నడుస్తది. అది సావో అడవి నడుమలకెళ్లే పోతది, పాత మీటర్ గేజ్ పట్టాలు చాలా దూరం పక్కపొంటే కనిపిస్తయి. ఎక్స్‌ప్రెస్ కాకుండ పొద్దుగాల పొయ్యే, అన్ని తావుల ఆగే బండి ఎక్కి వోయి స్టేషన్ల దిగుండ్రి. సావో ఈస్ట్ గేటు ఊరికి దగ్గర్నే. అక్కడి ఏనుగులు ఎర్రమట్టి పోసుకొని ఎర్రగ కనిపిస్తయి. ఒక్కటి యాదికుంచుకోవాలె, నైరోబి స్టేషన్ గాని మొంబాసా స్టేషన్ గాని ఊర్లె ఉండయి. ట్యాక్సీకి, సామాను తనిఖీకి టైము పెట్టుకోవాలె.

నైరోబిల పాత స్టేషన్ పక్కన రైల్వే మ్యూజియం ఉన్నది. ఒక పూట దానికే ఇయ్యుండ్రి. 1900ల కీమా అనే స్టేషన్ కాడ ఒక పోలీసు ఆఫీసరు రైలు డబ్బాల కూసొని సింహం కోసం కాపలా కాస్తుంటే, ఆ సింహమే డబ్బాలకు దూరి అతన్ని తీస్కపోయింది. ఆ డబ్బా ఇప్పటికీ ఈ మ్యూజియంలనే ఉన్నది.

రాత్రి బస్సుల సంగతి ఖరాఖండిగ చెప్త: వద్దు. నైరోబి నుంచి కంపాలా 650 కిలోమీటర్ల పైన ఉంటది, బస్సులన్ని రాత్రంత నడుస్తయి, లారీల రద్దీ మస్తు. రెండు ముక్కలు చేయుండ్రి. నైరోబి నుంచి కిసుము ఒక పగలు. అక్కడ లైను ముగిసిన కాడ సరస్సు చూసుకొని, బుసియా బార్డర్ దాటి జింజా ఇంకో పగలు. బార్డర్ల రెండు దేశాల ముద్రలు ఒకటే బిల్డింగుల కొడతరు. సూది సర్టిఫికెట్ సంచిల కాదు, చేతిల ఉంచుకోవాలె.

జింజాల నైలు నది సరస్సు ఇడిసి బయలెల్లే కాడ గాంధీ విగ్రహం ఉన్నది. 1948ల ఆయన అస్థికలు కొన్ని అక్కడ కలిపిండ్రు. పొద్దుగాల పోతే జనం ఉండరు.

గొరిల్లాల ముచ్చట. ఉగాండాల పర్మిట్ మనిషికి 800 డాలర్లు, రువాండాల 1,500. ఎనిమిది మంది గుంపుగ పోతరు, గొరిల్లాల కాడ ఉండనిచ్చేది ఒక్క గంట. దానికి ముందు నిట్టనిలువు కొండ, బురద, ఎన్ని గంటలు నడవాల్నో ఎవ్వరు చెప్పలేరు. మోకాళ్లు ఎట్లున్నయో మీరే చూసుకోవాలె. కంపాలా నుంచి కిగాలికి పగటి బస్సు ఎక్కితే ఆ కొండల అందం కిటికీలకెళ్లే దొరుకుతది. నడుమ కయాబ్వే కాడ భూమధ్యరేఖ దాటుతరు. కిగాలిల 1994 హత్యాకాండ స్మారకం తప్పక చూడుండ్రి. రెండున్నర లక్షల మందిని అక్కడ పాతిపెట్టిండ్రు. ఆ రోజు ఇంకో పని పెట్టుకోకుండ్రి.

జగిత్యాల_టీచరమ్మ:

తమ్ముడు అన్నీ మంచిగ చెప్పిండు. మేము టాంజానియా దిక్కు పోయొచ్చినం కాబట్టి వదినకు పనికొచ్చేవి చెప్త.

పచ్చళ్లు, పొడులు ప్లాస్టిక్ కవర్లల్ల కట్టుకపోవద్దు. రువాండాల 2008 నుంచి, కెన్యాల 2017 నుంచి, టాంజానియాల 2019 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు బందు. రువాండా బార్డర్ల సంచులు ఇప్పి మరీ చూస్తరు. స్టీలు డబ్బాలు, బట్ట సంచులు తీస్కపోండి.

తిండికి రంది లేదు. అక్కడోళ్లు తినే ఉగాలి మన మక్క గట్క లెక్కనే ఉంటది, జర గట్టిగ. శనివారాలు నీసు తినకుంటే చపాతి, బీన్స్ కూర చిన్న హోటళ్లల్ల గూడ దొరుకుతయి. నైరోబి, మొంబాసా, కంపాలా, దారెస్సలాంల గుజరాతీ భోజనం దొరుకుతది. పొద్దుగాల చాయ్ మన కంటే చిక్కగ పోస్తరు.

పైసల కాడ జాగ్రత్త. మన దగ్గర్నుంచి చేతిల పట్టుకపోయే నోట్లు మనిషికి 3,000 డాలర్ల దాకనే, మిగిలింది ఫారెక్స్ కార్డుల ఏసుకోవాలె. పాత నోట్లు, చిరిగినయి, గీతలు పడ్డయి అక్కడ ముట్టుకోరు. బ్యాంకుల నోట్లు తీస్కునేటప్పుడే ఒక్కొక్కటి తిప్పి చూసుకోండి, మొహమాటం వద్దు. కెన్యాల చిన్న దుకాణాలు గూడ ఫోన్ల పైసలు పంపే ఎంపెసా మీదనే నడుస్తయి. సిమ్ తీస్కున్ననాడే అది పెట్టించుకోండి.

జాంజిబార్ దీవి పోతే అక్కడి ప్రభుత్వ ఇన్సూరెన్స్ వేరే కొనాలె, మనిషికి 44 డాలర్లు. మనం ఇక్కడ చేపిచ్చుకున్నది అక్కడ చెల్లది. స్టోన్ టౌన్ గల్లీలల్ల వదిన చీర కట్టుకొని తిరిగితే ఎంత మర్యాద ఇస్తరో చూడండి.

కాజీపేట_లోకో:

మీ అందరికి దండం. ఇద్దరం కూసొని రెండుసార్లు సదివినం. ఏడు దేశాల కాయితం చింపిన. మూడు దేశాలు కొట్టేస్తే మనసుకు కొద్దిగ కష్టమైంది గాని, ఉరుకుడు వద్దని మా ఇంటామె గూడ అన్నది.

ఇప్పుడు అనుకున్నది ఇది. జూన్ మూడో వారం నైరోబి. మ్యూజియం. మొంబాసాకు బండి, పోయేటప్పుడు వోయిల దిగి సావో. మారా లేదు, గొరిల్లాలు లేవు. ఆమెకు కొండలెక్కే ఓపిక లేదు, నాకు ఆ పైసలతోని సావో వంతెన కాడ ఇంకో రోజు ఉండాలని ఉన్నది. తర్వాత కిసుము, జింజా, కంపాలా, కిగాలి. కిగాలి నుంచి దారెస్సలాంకు విమానం. అక్కడ దొడోమా దాక 2024ల మొదలైన కరెంటు బండి ఉన్నదట గదా, స్టాండర్డ్ గేజ్, 25 కేవీ, 160 స్పీడు. పట్టాల నడుమ 1,676 మిల్లీమీటర్లు ఉండే మన బ్రాడ్ గేజ్ మీద నడిపినోణ్ని, 1,435 మీద ఆ స్పీడుల బండి ఎట్ల ఊగుతదో ఒంటితోని తెలుసుకోవాలె. డ్రైవర్లు మాట్లాడనిస్తే క్యాబ్ బయట నిలబడి అయినా మాట్లాడుత. ఆఖరుకు జాంజిబార్, అది ఆమె కోసం.

సిస్టర్, మా ఇంటామెకు థైరాయిడ్ మాత్ర ఒక్కటే. నాకు బీపీ, షుగర్. స్టెరాయిడ్లు ఎవ్వరికి లేవు, గుడ్డు ఇద్దరం తింటం. రెండు నెలల మాత్రలు ఇక్కడ్నుంచే కట్టుకపోవచ్చా? తమ్మీ, మొంబాసా నుంచి కిసుముకు పొయ్యేటప్పుడు నైరోబిల ఆగక తప్పదా? కిసుముకు పాత లైను మీద బండి ఏమన్న నడుస్తదా?

కంపాలా_కరీంనగరం:

ఆగక తప్పదు కాకా. అదీ మంచిదే, ఒక రాత్రి నడుం వాల్చుండ్రి. కిసుము మీటర్ గేజ్‌ను బాగుచేసి 2021ల మల్ల ప్రయాణికుల బండి ఏసిండ్రు. రోజూ ఉండది, బందయినప్పుడు గూడ ఉంటది. నైరోబిల దిగిననాడే పాత స్టేషన్ కౌంటర్ల అడుగుండ్రి. ఆ బండి దొరికితే మాత్రం నేను రాత్రి ప్రయాణం వద్దన్న మాట దానికి వర్తించదు, అది రాత్రిదే అయినా ఎక్కుండ్రి. మీరు చూడాలన్న లైను అదే. లేకుంటే పగటి బస్సు. పాస్‌పోర్టుల ఖాళీ పేజీలు ఉన్నయా చూసుకోండి, ప్రతి బార్డర్ల ముద్రలు పడతయి.

హన్మకొండ_సిస్టర్:

మాత్రలు పట్టుకపోండి, అక్కడ కొనుడు పెట్టుకోవద్దు. కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా డాక్టర్‌తో ఇంగ్లీషులో రాయించుకొని సంతకం, ముద్ర వేయించుకోండి. మాత్రలు డబ్బాల్లో పోసుకోకుండ షీట్లల్లనే ఉంచండి. సగం మీ సంచిలో, సగం వదిన సంచిలో. విమానంలో కిందికి ఇచ్చే పెట్టెలో పెట్టొద్దు. షుగర్ ఉంది కాబట్టి మలేరియా మాత్ర ఏది పడుతదో టీకా కోసం డాక్టర్‌ను కలిసినప్పుడే అడగండి. జూన్ మూడో వారం అంటే ఏప్రిల్‌లోనే కలవండి. నారాయణగూడలో రోజు దొరకకపోతే ఇంకో రోజు వెతుక్కునే టైము ఉంటది. వీసా, టికెట్ రెండూ డాక్టర్ సరే అన్నంకనే.