"చల్లా యంబలి ద్రావితిన్": ఆ దీర్ఘం ఎక్కడిది?

ఆమ్‌స్టెల్‌వీన్ వాసి: శనివారం స్నేహితులతో ఇక్కడ నెదర్లాండ్స్‌లో జాన్సె స్కాన్స్ గాలిమరలు చూసి, అట్నుంచి వోలెండమ్ వెళ్ళొచ్చాం. మార్చి నెలే గానీ టోపీ, మఫ్లరు, మోకాళ్ళదాకా కోటు లేకుండా నిలబడలేం. ఆ పూట ఇక్కడి పాతకాలపు తిండి తప్ప ఇంకేదీ ముట్టకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నాం. ఆవాలు విసిరే మర దగ్గర ఆవముద్ద రాసిన చీజ్ తిన్నాం. వోలెండమ్ రేవులో కిబ్బలింగ్: పిండిలో ముంచి వేయించిన చేపముక్కలు, పక్కన వెల్లుల్లి సాస్. ఒకప్పుడు కాడ్ చేప బుగ్గలతో చేసేవారట, ఇప్పుడు ఏదో ఒక తెల్లచేప. ఆ తర్వాత హారింగ్. ఉప్పులో ఊరిన చేప, పైన పచ్చి ఉల్లిపాయ తరుగు. తోక పట్టుకుని, తల పైకెత్తి నోట్లోకి దించుకోవాలి. కొందరం దించుకున్నాం, కొందరు ఫోటోలు తీసి సరిపెట్టుకున్నారు. చివర్లో బ్రెడ్డుతో పాటు కార్నెమెల్క్, అంటే అచ్చంగా మన చల్ల. మాతో వచ్చిన డచ్ సహోద్యోగిని, వాళ్ళమ్మమ్మ ఆ చల్లలోనే యవలు ఉడికించి జావ కాచేదని, పైన సిరప్ పోసుకు తినేవాళ్ళమని చెప్పింది. అప్పట్నుంచీ కన్నడ రాజ్యంలో పడ్డ పాట్ల మీద శ్రీనాథుడు చెప్పిన చాటుపద్యం బుర్రలో ఒకటే గొడవ:

"వెల్లుల్లిం దిలపిష్టమున్ మెసవితిన్ ... వడ్డింపగా
చల్లా ?అంబలి ద్రావితిన్..."

"చల్లా యంబలి"నా, "చల్లా నంబలి"నా? రెండూ విన్నట్టే ఉంది. అసలు "చల్ల"కి దీర్ఘం దేనికి?

గుంటూరు మాస్టారు: ఖాళీలో "విశ్వస్త". మీకు వడ్డించింది ఎవరో అడగనులెండి. "యంబలి" పాఠమే నా నోటికి వచ్చింది. చల్లా తాగాడు, అంబలీ తాగాడు. దీర్ఘం సముచ్చయానికి. "అమ్మా నాన్నా వచ్చారు" అనమూ?

ఛందోబాధితుడు: అప్పుడు అంబలికీ దీర్ఘం ఉండాలి కదా మాస్టారూ. "అమ్మా నాన్నా"లో రెండింటికీ ఉంది, ఇక్కడ ఒక్కదానికే. ఇది శార్దూలం, మొదట మగణం, అంటే మూడు గురువులు పడాలి. "చల్లయం" అంటే మధ్యలో లఘువు వచ్చి గణం చెడుతుంది. అందుకని సాగదీశాడు. ఇందులో రహస్యం ఏమీ లేదు.

గుంటూరు మాస్టారు: శ్రీనాథుడు గణం నిండక సాగదీశాడా! ఆ మాట ఆయన చేతిలో వాదంలో ఓడిన గౌడ డిండిమభట్టు కూడా అనలేకపోయాడు. "అమ్మా నాన్న" అని మా వీధిలో ఇప్పటికీ అంటారు, కావాలంటే వచ్చి వినండి.

అనంతపురం అక్క: శ్రీనాథుడిదే "జొన్నకలి జొన్నయంబలి జొన్నన్నము" గుర్తు చేసుకోండి. అక్కడ హ్రస్వమే, యడాగమమే. కాబట్టి మామూలు సమాసమైతే ఇక్కడా "చల్లయంబలి" కావాలి. కాలేదంటే ఇది సమాసం కాదు. నేను విడగొట్టేది ఇలా: చల్ల + ఆ + అంబలి. "చల్ల, ఆ యంబలి ద్రావితిన్". ఈసడింపంతా ఆ "ఆ"లోనే ఉంది. విజయనగర రాజు ప్రౌఢదేవరాయల దర్శనం దొరక్క పడిగాపులు కాస్తున్నవాడు "ఆ అంబలి కూడా తాగాను తల్లీ" అని మొరపెట్టుకుంటున్నాడు.

ఛందోబాధితుడు: మరీ అందంగా ఉందక్కా, అందుకే అనుమానం.

గోదారి గట్టు: నాకు "చల్లా" కన్నా తిలపిష్టం మీద కోపం. అంటే తెలగపిండే కదా? మునగాకు వేసి తెలగపిండి కూర వండితే మా ఇంట్లో పోట్లాడుకుంటారు. అది తిని ఈయనకి అంత కష్టమేమిటో! పోనీ, మీ బృందంలో శాకాహారులు ఏం తిన్నారు?

ఆమ్‌స్టెల్‌వీన్ వాసి: పోఫర్చెస్. అచ్చం గుంతపొంగణాల పెనమే. కాకపోతే గోధుమపిండిలో బక్‌వీట్ పిండి కలిపి, ఈస్టు వేసి పులియబెడతారు. పైన వెన్న, పంచదార పొడి. బిటర్‌బాలెన్ జోలికి పోలేదు, లోపల గొడ్డుమాంసం ముద్ద ఉంటుంది. చీజ్ దగ్గర మాత్రం పాలు గడ్డకట్టించే రెన్నెట్ దూడ పొట్టలోదా, మరి దేంతో చేశారని అంగడివాడిని ఊపిరాడనివ్వలేదు. దారిలో సహోద్యోగిని ద్రోప్ పెట్టింది. అతిమధురంతో చేసే నల్ల మిఠాయి. తియ్యగా ఉంటుందని నోట్లో వేసుకుంటే ఉప్పు! ఆ రకంలో నవాసాగరం కలుపుతారట. "రుచుల్ దోసంబంచు పోనాడితిన్" అనుకున్నాను.

ఛందోబాధితుడు: "రుచుల్" కాదు, "రుచులు". పొల్లు పెడితే ఒక అక్షరం తగ్గి పాదం కూలుతుంది. "చ"కి "సం"తో యతి కూడా అక్కడే కుదరాలి.

గుంటూరు మాస్టారు: గోదారి గట్టు గారూ, తిలలను ఈసడించిన పాపం ఊరికే పోలేదు. బొడ్డుపల్లెలో పొలం గుత్తకు పడితే ఏమైంది? "బిలబిలాక్షులు తినిపోయె దిలలు పెసలు". ఏడునూర్ల టంకాలు ఎలా చెల్లించాలో తెలియక ఏడ్చాడు. కనకాభిషేకం చేయించుకున్నవాడు పిట్టలకు ఓడిపోయాడు. నాకు శ్రీనాథుడంటే ఆ సీసమే, శృంగారనైషధం తర్వాతి సంగతి.

అనంతపురం అక్క: "విశ్వస్త"ని అలా వదిలేశారేం? నమ్మకమైన మనిషి అని తీసుకుంటే పరాయి రాజ్యంలో నాలుగు మెతుకులు పెట్టే ఇల్లాలు అవుతుంది. పద్యంలో కాస్త వెచ్చదనం వస్తుంది.

గుంటూరు మాస్టారు: "విశ్వస్తావిధవే సమే" అని అమరకోశం, అంటే విశ్వస్త అన్నా విధవ అన్నా ఒకటే. పూటకూళ్ళు పెట్టేది ఎక్కువగా వితంతువే కాబట్టి మీరు చెప్పే మనిషీ నేను చెప్పే మనిషీ ఒకరే. అయితే అర్థం మాత్రం నాదే.

బందరు లడ్డు: అందరూ డచ్చి, డచ్చి అంటున్నారు. మనవాళ్ళ పాతమాట వలందులు. మా బందర్లో వలందపాలెం ఇప్పటికీ ఉంది. 17వ శతాబ్దం మొదట్లోనే ఇక్కడ వర్తకశాల పెట్టారు. పులికాట్, పాలకొల్లు, భీమిలి, చివరికి దాక్షారామం కూడా. భీమఖండంలో మీ కవి అంతగా పొగిడిన భీమేశ్వరుడి ఊళ్ళోనే వలందులు బట్టల బేరం చేశారు. అంబలి సంగతి దాక్షారామంలోనే తేలేదేమో!

ఛందోబాధితుడు: హాలండులో "హ" పోయిందంటే ఒప్పుకుంటా. "వ" ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

బందరు లడ్డు: పోర్చుగీసువాళ్ళు హకారం పలకరు, "ఒలాంద" అంటారు. రేవుల్లో అప్పుడు నడిచింది వాళ్ళ భాషే. "ఒ" ముందు వకారం చేర్చడం మనకి కొత్తా? ఒంటిని వంటి అనే నోళ్ళు మనవి.

గోదారి గట్టు: అది ఇంకో చర్చ పెట్టండి మహాప్రభో. అక్కా, ఆ "ఆ"కి ఇంకో చాటువులో తోడు చూపించగలరా?

అనంతపురం అక్క: కృష్ణుణ్ణి దెప్పే "ఫుల్లసరోజనేత్ర యల పూతన" ఉందిగా. "ఆ" కాదు, "అల". కానీ దెప్పిపొడుపు అదే.

ఛందోబాధితుడు: "అల"ని సాక్ష్యానికి పిలిచి "ఆ" చేత సంతకం పెట్టిస్తున్నారు.

గుంటూరు మాస్టారు: సముచ్చయం అని నేను మొదట్లోనే చెప్పాను.

ఆమ్‌స్టెల్‌వీన్ వాసి: మాస్టారూ, అక్కా, మీరు తేల్చేలోపు ఫోటోలు గ్రూపులో పెట్టేశాను. గాలిమర ముందు టోపీలూ కోట్లూ వేసుకుని ఉన్నది మేమే. కింద ఆ పద్యం ఎత్తుగడే, "కుళ్ళాయుంచితి గోకసుట్టితి" అని రాశాను. "చల్లా" జోలికి పోలేదు.

ఛందోబాధితుడు: వెల్లుల్లి, చల్లా, తల్లీ. ప్రాస చూస్తూ చూస్తూ "కుళ్ళాయి" అని ఎలా రాశారండీ? "కుల్లాయి"!

అనంతపురం అక్క: మా గూగూడు వచ్చి కుళ్ళాయిస్వామిని ఒక్కసారి "కుల్లాయి" అని పిలిచి చూడండి. ల, ళలకు ప్రాస చెల్లుతుందని ఛందోబాధితులకి నేను చెప్పాలా?