39 శాతం ఓట్లకు 11 సీట్లేనా? మన ఓటింగ్ పద్ధతి మార్చాలా వద్దా?

గోదారిగట్టు:
2024లో ఆంధ్రాలో వైసీపీకి 39 శాతం పైనే ఓట్లొచ్చాయి, సీట్లు మాత్రం 175లో 11. 2019లో దాదాపు అన్నే ఓట్లకు టీడీపీకి 23. ఏ పార్టీ అన్నది పక్కన పెట్టండి. ఓట్ల శాతాన్ని బట్టి సీట్లిచ్చే దామాషా పద్ధతి రావాల్సిందే.

పల్నాటి పులి:
ఓడినప్పుడే దామాషా గుర్తొస్తుందేం? 2019లో ఎక్కడున్నారు?

గోదారిగట్టు:
23 సంగతి కూడా రాశాను, పూర్తిగా చదవండి.

ఓరుగల్లు:
దామాషా అంటే రోజూ బేరసారాలే. ఇజ్రాయెల్‌లో 2019 ఏప్రిల్ నుంచి 2022 నవంబరు దాకా 5 సార్లు ఎన్నికలు పెట్టారు. ఇక్కడ తెలంగాణలో 2023లో కాంగ్రెస్‌కు, బీఆర్ఎస్‌కు ఓట్లలో తేడా 2 శాతమే, అయినా 64 సీట్లతో ప్రభుత్వం నిలబడింది కదా.

బడిపంతులు:
ఎమ్మెల్సీ ఎన్నికల్లోలాగా 1, 2, 3 అని ప్రాధాన్యం వేయిస్తే సరిపోతుంది.

ఓరుగల్లు:
మాస్టారూ, 2025లో కరీంనగర్ పట్టభద్రుల స్థానంలో చెల్లని ఓట్లే పాతిక వేలు దాటాయి. డిగ్రీ చదివినవాళ్లకే అంకెలు వేయడం తిన్నగా రాకపోతే మా అమ్మ ఎలా వేస్తుందండీ?

పల్నాటి పులి:
నా ప్రశ్నకు జవాబు రాలేదు.

గోదారిగట్టు:
జవాబు కావాలా? మా ఊళ్లో సీసీ రోడ్డు రామాలయం దాకా వేసి ఆపేశారు. మీ వీధి ఓట్లు మాకు పడలేదు కదా అని మొహం మీదే అన్నారు. ఓడిన పక్షానికి ఓటేసినవాడికి ఎమ్మెల్యే లేనట్టే, అదీ నా బాధ, పార్టీ కాదు.

ఓరుగల్లు:
నా భయమూ అక్కడే ఉంది. మా నాన్న గుండె ఆపరేషన్‌కి ఎల్‌వోసీ (ఆసుపత్రి ఖర్చు ప్రభుత్వం ఇస్తుందనే హామీ పత్రం) కావాల్సొస్తే తెల్లారకముందే ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడ్డాను, లెటర్ ఇచ్చాడు. దామాషా వచ్చి, పార్టీ లిస్టులో పేరుండి గెలిచినాయన హైదరాబాద్‌లో కూర్చుంటే నేనెవరి గుమ్మం ఎక్కాలి?

గోదారిగట్టు:
మీకు గుమ్మం తెరిచారు, మాకు తెరవలేదు. జర్మనీలో రెండు ఓట్లుంటాయి, ఒకటి స్థానిక అభ్యర్థికి, ఒకటి పార్టీకి. అది పెడితే మీ ఎమ్మెల్యే మీకుంటాడు, మా ఓటుకూ లెక్క ఉంటుంది.

ఓరుగల్లు:
అక్కడ చట్టం మార్చాక 2025లో ఏమైందో చూడండి. తమ నియోజకవర్గాల్లో మొదటి స్థానంలో నిలిచిన 23 మందికి, పార్టీ ఓట్ల వాటా చాల్లేదని సీటే ఇవ్వలేదు. జనం ఎన్నుకున్న మనిషిని ఇంటికి పంపే పద్ధతికి నేనొప్పుకోను.

గోదారిగట్టు:
ఆ 23 మంది మీద ఉన్న జాలి ఇక్కడి లక్షల ఓట్ల మీద లేదేం? మా వీధివాళ్లు ఎవరి దగ్గరికి వెళ్లాలో ముందు అది చెప్పండి.